పక్క వరస గొంతు

పోయిన వారం సుగంధిని టైర్ల కొట్టు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. చేతిలో ఫోను, ఫోనులో ముక్కూముఖం తెలియని ఒకావిడ గొంతు. "మీరు బయట పెట్టిన పాట మా అమ్మది. తీసెయ్యమంటంది. మాట్లాడాలంటే శనివారం పొద్దున ఇంటికి రండి." ఇంటి చిరునామా చెప్పి, సుగంధి నోరు తెరిచేలోపే పెట్టేసింది.

ఆ శనివారం ఈ వారమే.

ఇప్పుడిప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. సుగంధిది క్లాంగ్‌లో రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తొడుగుల్లో నీళ్ళు పోసి చిల్లులున్నాయేమో చూసే విభాగం. వయసు ఇరవై తొమ్మిది. సాయంత్రాలూ సెలవు రోజులూ బేస్ గిటారు వాయిస్తుంది, పాడుతుంది. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ పనిచేసే హేమనాథ్‌ది గిటారు. లిఫ్టులు బాగుచేసే జెరెమీవి డ్రమ్ములు. ముగ్గురూ కలిసి పెట్టుకున్న బ్యాండు పేరు 'పెరట్టు'. రబ్బరు తోటల్లో తెల్లారకముందే కూలీలను వరసగా నిలబెట్టి పేర్లు పిలిచే హాజరుకు ఇక్కడి మనవాళ్ళ మాట అది. నాలుగు పాటలతో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చే శుక్రవారం బయటికి రావాలి. సోమవారం సాయంత్రం ఐదింటిలోపు పాటలన్నీ తుదిరూపంలో పంపెయ్యాలి.

ఇక్కడిదాకా రావడానికి వాళ్ళు పడ్డ పాట్లు మీకు తెలుసు. టైర్ల కొట్టు మేడ మీద గది దొరికితే అదే మహాభాగ్యం అనుకున్నారు. కింద గాలి మిషను బుర్రుమన్నప్పుడల్లా రికార్డింగ్ ఆపారు. ఒకసారి లారీ టైరు పేలిన చప్పుడు సరిగ్గా తాళంలో పడిందని, దాన్ని అలాగే ఉంచేద్దామని జెరెమీ రెండు రోజులు పట్టుబట్టాడు. ఇంటి తెలుగు దాటితే పాటల తెలుగు ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా రాదు. వింటే సగం అర్థమవుతుంది, పలికితే సగం తప్పుతుంది. అయినా తెలుగులోనే పాడాలని మొండికేసింది సుగంధి. ఆ మొండితనం లేకపోతే ఈ బ్యాండే లేదు.

నాలుగు పాటల్లో మొదటిది, ముగ్గురికీ ప్రాణమైనది, 'సుక్క సుక్క'. సుగంధి నాన్నమ్మ పాడిన పాట. అందులోంచి అర నిమిషం ముక్క ముందుగా వదిలారు. ఆ ముక్క వినే ఫోను వచ్చింది.

---

"ఒక్క ఫోనుకే బయపడిపోతే ఎలా లా?" మాట చివర ఇక్కడి అలవాటు 'లా' తగిలించి అన్నాడు హేమనాథ్ కారు నడుపుతూ. "తోట పాటలు అందరివీ. వాళ్ళమ్మ పాడుంటాది, మీ నాన్నమ్మా పాడుంటాది. రెండు రోజులుంది మనకి. ఇంట్లో కూచుని మిక్సింగ్ చూసుకోవాల్సింది పోయి..."

"బయం కాదు," అంది సుగంధి. "నిజంగా వాళ్ళదే అయితే?"

"అయితే ఏటి సేత్తావు?"

సుగంధి కారు అద్దం కిందికి దించింది. ఆమెకు ఆ జవాబు తెలుసు.

ఫ్లాట్ల సముదాయం పాతది. లిఫ్టులో ముగ్గురు పడితే నాలుగో మనిషి ఊపిరి బిగబట్టాలి. నాలుగో అంతస్తులో చివరి ఇల్లు. గ్రిల్లు తలుపుకి మామిడాకులు, గుమ్మం పక్క నాలుగు జతల చెప్పులు. తలుపు తీసింది యాభై ఏళ్ళావిడ, ఫోను చేసిన మాలిని. తమిళ బడిలో టీచరు. ముఖంలో కోపం లేదు, కంగారే ఉంది.

"లోపలికి రండమ్మా. అమ్మ కొంచెం గట్టిగా మాట్లాడుతాది. మనసులో పెట్టుకోకండి," అని తగ్గు గొంతుతో చెప్పింది.

అమ్మ హాల్లో నేల మీదే కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి. తెల్లజుట్టు వేలి ముడి, నడుముకి పూల కైలీ, దారం కట్టిన కళ్ళజోడు. ముందు పళ్ళెంలో ఎండు నెత్తళ్ళు. ఒక్కొక్క దాని తల గిల్లి ఒక పక్క, ఒళ్ళు మరో పక్క వేస్తోంది. డెబ్బై ఆరేళ్ళ వేళ్ళు, కానీ తడబాటు లేదు. చూపుడువేలి మీద కత్తి గాట్లు, పాతవి, తెల్లగా సన్నగా. పేరు కన్నియమ్మ.

తలెత్తి ఇద్దర్నీ చూసింది.

"మీరేనా పాట దొంగలు?"

హేమనాథ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. సుగంధి మాత్రం చెప్పులు విడిచి వెళ్ళి, ఆవిడకు ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"దొంగతనం సెయ్యలేదు మామ్మా. మా ఇంట్లో విన్న పాట."

"పాట కింద ఎవుల పేరు రాసినారు?"

"ట్రెడిషనల్ అని," హేమనాథ్ కల్పించుకున్నాడు. "అంటే... పూర్వం నుంచి వస్తున్న పాట అని మామ్మా."

"పూర్వమంటే ఎవులు బాబూ? నానేనా పూర్వం?" నెత్తడి తల పుటుక్కుమంది. "నానింకా సావనేదు కదా. రోజూ పొద్దున్నే ఇక్కడే కూకుని నెత్తళ్ళు గిల్లుకుంటన్నాను. తలుపు కొట్టి అడిగితే సెప్పనా, ఆ పాట కట్టినది ఎవులో?"

"మీరే కట్టినారా మామ్మా?" సుగంధి గొంతులో అనుమానం లేదు. ఆశ్చర్యమే ఉంది.

ఆ ఆశ్చర్యాన్ని ముసలామె పట్టేసింది. చేతిలో నెత్తడి పళ్ళెంలో వేసి, కళ్ళజోడు సర్దుకుంది.

"పాడు."

"ఇక్కడా?"

"మరెక్కడ? ఆ డబ్బాలు, తీగలు ఏటీ వద్దు. నోటితో పాడు."

పోయిన నెలలో సుగంధి ఆ పాటను మైకు ముందు అరవైసార్లకు పైగా పాడి ఉంటుంది. ఒక్కసారి కూడా ఇంత భయం వెయ్యలేదు. గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"సుక్క సుక్క కారె పాలు, సిప్ప నిండదే..."

ఆ లైను తర్వాత ఎనిమిది దెబ్బల ఖాళీ. నాన్నమ్మ ఎప్పుడూ అంతసేపు ఆగేది. ముసలితనం, ఆయాసం అనుకునేది సుగంధి. బ్యాండులో ఆ ఖాళీని గిటారుతో నింపారు. అలవాటు కొద్దీ ఆమె తలలో గిటారు మోగబోయింది.

మోగలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి నోరు తెరిచింది.

"నిండుతాది నిండుతాది, నిలిసి సూడవే!"

అరిగిన గొంతే. పైన కాస్త బొంగురు. కానీ స్వరం నిటారుగా నిలబడింది. సరిగ్గా ఎనిమిదో దెబ్బకు వదిలేసింది. ఆగకూడదని సుగంధికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. రెండో లైను అందుకుంది.

"సుక్క పొడిసి జాములాయె, తెల్లవారదే..."

"తెల్లవారి ఎండ కాస్తె, తలలు మాడవే!"

వంటింటి గుమ్మంలో మాలిని నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. తెల్లారడం లేదని ఒకామె ఏడుస్తుంటే, తెల్లారితే ఎండకి బుర్ర మాడదా అని రెండో ఆమె వెక్కిరించడం! ఇంతకాలం తాము ఏడుపు పాట అనుకున్నది ఇద్దరు ఆడవాళ్ళ పరాచికమా? సుగంధి రెండో చరణం ఎత్తుకుంది. ఇప్పుడు తనకే తొందర, ఆవిడ ఏం అంటుందో వినాలని.

"ఆకు మీద అడుగు సద్దు, పాము కాదుగా..."

"పాముకేడ కాళ్ళు అప్ప, పందిపిల్లదే!"

హేమనాథ్ గట్టిగా నవ్వేశాడు. నవ్వుతూనే వచ్చి సుగంధి పక్కన కూలబడ్డాడు. ఆ ముసలామె పళ్ళెం అంచు మీద వేలితో దరువేస్తోంది. హేమనాథ్ కంప్యూటరులో మీటలు నొక్కి గీతలు గీసి సరిచేసే తాళం, ఆ వేలి కింద వెంట్రుకవాసి కదలకుండా నడుస్తోంది.

"ఆ ఖాళీలో..." అన్నాడు. "మామ్మా, ఆ ఖాళీలో నేను మూడు వారాలు గిటారు పెట్టినాను. పదకొండు రకాలు వాయించినాను. ఏదీ కుదర్నేదు. ఎందుకో తెలీనేదు."

"కుదరదు. అది నీ సోటు కాదు," అంది కన్నియమ్మ. ఈసారి గొంతులో పదును కాస్త తగ్గింది. "ఆ ఖాళీ నాది."

---

మాలిని చాయ్ తెచ్చి పెట్టింది. ఎవరూ తాగలేదు.

"బుకిట్ లంబా తోట అని ఉండేది," అని మొదలుపెట్టింది కన్నియమ్మ. "నాలుగున్నరకి పెరట్టు. నుదుటికి దీపం కట్టుకుని ఎవుల వరసలోకి వాళ్ళు ఎల్లిపోవాల. పాల కోసం రబ్బరు సెట్టు గీసి, కింద సిప్ప పెట్టుకుంటా ముందుకెళ్తే పక్క వరస మనిసి కనపడదు. సీకటి. పాములు, అడివి పందులు. మావిద్దరం ఆడోళ్ళం పక్క పక్క వరసల్లో. అందుకని ఈ పాట కట్టినాను. మాటలు నావే, వరస నాదే. ఆవిడ పిలవాల, నాను పలకాల. గొంతు ఇనపడితే మనిసి బాగున్నట్టు. ఇనపడకపోతే..."

ఆగింది. మళ్ళీ నెత్తళ్ళు అందుకుంది.

"ఆ పిలుపు సగం తెలిసినోలు లోకంలో ఒక్కర్తే. నీకెవులు నేర్పినారే గుంటా?"

"మా నాన్నమ్మ. దాలమ్మ."

ముసలామె చేతులు పళ్ళెం మీదే ఉండిపోయాయి. సుగంధి ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నుదురు, ముక్కు, గడ్డం, వరసగా వెతికింది.

"దాలప్ప మనవరాలివా నువ్వు?" అంది. అప్ప అంటే అక్క.

"అవును మామ్మా."

"ఎలగుంది దాలప్ప?"

ఆ అడగడంలో ఎంత ఆత్రం ఉందంటే, సుగంధి చూపు మాలిని వైపు తిరిగింది. హేమనాథ్ తల దించుకున్నాడు. చివరికి మాలినే మెల్లిగా వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుతోనే కన్నియమ్మకు అర్థమైంది.

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది. మా ఇంట్లోనే. ఇక్కడే క్లాంగ్‌లో, స్టేషన్ అవతల."

"స్టేషన్ అవతల," అని మళ్ళీ అనుకుంది కన్నియమ్మ. "బస్సులో పావుగంట."

ఎవరి ముఖమూ చూడకుండా, పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది.

"ఒక ఉగాదికి తోట గుళ్ళో దాలప్ప సేత ఈ పాట పాడించినారు. పిలుపూ ఆవిడే, పలుకూ ఆవిడే. జనం సప్పట్లు. తోట లెక్కలు రాసే పెద్ద కిరాణీ లేచి 'దాలమ్మ కట్టిన పాట శానా బాగుంది' అని మెచ్చుకుని పూలదండేసినాడు. నాను జనంలో కూకుని సూత్తన్నాను. నోరు తెరిసి 'కన్ని కట్టిన పాటండీ' అనొచ్చు కదా? అననేదు. నవ్వుకుంటా దండేయించుకుంది."

"అమ్మా, పాత సంగతులు..." అంది మాలిని.

"సెప్పనీ. నలభయ్యారేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్న ఎవుల వరసలోకి వాళ్ళం ఎల్లినాం. దాలప్ప పిలిసింది. నాను పలకనేదు. మళ్ళీ పిలిసింది. యింటన్నాను. సెట్టు పక్కన నిలబడి, కత్తి సేతిలో పట్టుకుని యింటన్నాను. పలకనేదు. మూడోసారి పిలిసినప్పుడు గొంతు మారిపోయింది. పాట కాదు, కేక. 'కన్నీ!' అని. నాకేదో అయిపోనాదని పాల బాల్దీ పడేసి, సీకట్లో సెట్లకడ్డం పడి పరిగెట్టుకొచ్చింది. నా వరస పక్కన పెద్ద కాలవ. అందులో పడింది. నాను దీపం అట్టుకుని ఎల్లి సూత్తే, కాలు మడత పడిపోయి ఉంది. కింద నుంచి నన్ను సూసి ఏటన్నదో తెలుసా?"

కన్నియమ్మ ఒక నెత్తడి అందుకుని, గిల్లకుండానే కింద పెట్టింది.

"'బాగానే ఉన్నావా సెల్లీ' అని నవ్వింది."

సుగంధికి నాన్నమ్మ కుంటి నడక కళ్ళ ముందు కదిలింది. ఎడమ కాలు కాస్త ఈడ్చేది. ఏమైంది నాన్నమ్మా అని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగిందో. తోటలో జారిపడ్డానే, నాదే పరాకు అనేది ప్రతిసారీ. ఒక్కనాడు కూడా వేరే మాట అనలేదు. ఎవరి పేరూ చెప్పలేదు.

"ఆసుపత్రికి ఎల్లనేదు నాను. ముకం సెల్లక. నెల తిరక్కుండా మా ఆయనకి ఓడరేవులో పని దొరికింది, వచ్చేసినాం. అంతే. ఆ పాట మళ్ళీ నా నోట రానేదు, ఇదిగో ఇప్పటిదాకా." కన్నియమ్మ తలెత్తింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "అందుకే సెప్తన్నాను. పేరు రాయమని కాదు నానడిగేది. పేరు కోసమే ఒకసారి మనిసిని పోగొట్టుకున్నాను, సాలు. ఆ పాట తీసెయ్యండి. నా సెవిన పడకుండా."

హేమనాథ్ సుగంధి వైపు చూశాడు. ఆల్బమ్‌లో మొదటి పాట. అర నిమిషం ముక్కే విని ఈపో నుంచి, జార్జ్ టౌన్ నుంచి జనం ఎప్పుడెప్పుడని అడుగుతున్న పాట. ఏడాదిన్నర పని. అది లేకపోతే మిగిలేవి మూడే పాటలు, వాటిలో ఒకదానికి ఇంకా డ్రమ్ములు సరిగ్గా కుదరనే లేదు.

సుగంధి కన్నియమ్మ వైపే చూసింది.

"తీసేత్తాం మామ్మా. ఈ రోజే."

"సుగంధీ..." అన్నాడు హేమనాథ్.

"పాట మామ్మది హేమూ. వద్దంటే వద్దే లా."

ఇంత పెద్ద మాట అంత మామూలుగా అనేసిన ఆ అమ్మాయిని చూసి మాలిని కళ్ళు పెద్దవి చేసింది. గొడవ పడటానికి, బతిమాలడానికి వస్తారని ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు. హేమనాథ్ కూడా ఇంకో మాట ఎత్తలేదు. జేబులోంచి ఫోను తీసి, ఆ అర నిమిషం ముక్కను అక్కడికక్కడే తొలగించి, తెర కన్నియమ్మకు చూపించాడు. ఆవిడకు ఆ తెర మీద ఏముందో తెలియదు గాని, కుర్రవాడి ముఖం మీద ఏముందో తెలిసింది. మెల్లిగా తల ఊపింది.

సుగంధి లేవబోయి, ఆగింది.

"ఒక్కటి అడగొచ్చా మామ్మా? మూడో చరణం కూడా మీదేనా? అదీ తీసేయాలి కదా."

"మూడో సరణమేటి?"

"మూడోది. చివరిది."

"రెండే కట్టినాను నాను. రెండే. మూడోది నేదు."

సుగంధి, హేమనాథ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మూడో చరణం ముగ్గురినీ చాలా తిప్పలు పెట్టింది. 'పలకకున్న' అన్న మాట దగ్గర ఆగిపోయి హేమనాథ్ నిఘంటువు తీస్తే, పలక అంటే పిల్లలు రాసుకునేది అని ఉంది. పలక కొనుక్కోలేని పిల్ల కథ అనుకున్నాడు వారం రోజులు. తర్వాత జెరెమీ వాళ్ళమ్మ విని, కాదు, మాట్లాడని ప్రియుడి మీద పాట అని తేల్చింది. అందుకే ఆ చరణాన్ని ప్రేమపాటలా, మెత్తగా, కింది స్థాయిలో మిక్స్ చేశారు.

"పాడు," అంది కన్నియమ్మ. మొదటిసారి అన్న 'పాడు' కాదది.

సుగంధి పాడింది.

"పలకకున్న పరవలేదె, పిలుపు మాననే..."

ఎనిమిది దెబ్బలు. ఎవరూ పలకలేదు.

"పక్క వరస పాట నీదె, మరిసిపోను లే..."

ఎనిమిది దెబ్బలు. పళ్ళెం అంచు మీద వేలు కదలడం మానేసింది.

"ఏటన్నావు?" అంది కన్నియమ్మ. "పాట?"

"నీదె. పాట నీదె, అని."

"మళ్ళీ అను."

సుగంధి పాడలేదు. ఈసారి మాటలాగానే చెప్పింది, ఒక్కొక్క మాటా విడదీసి, ఇప్పుడే తనకూ అర్థమవుతున్నట్టు. పలకకపోయినా పరవాలేదు, పిలవడం మానను. పక్క వరస పాట నీదే, మరిచిపోను.

కన్నియమ్మ కైలీకి చేతులు తుడుచుకుంది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు, ఎంత తుడిచినా చేపల వాసన పోనట్టు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నలభై ఆరేళ్ళ కిందట గుళ్ళో అందరి ముందూ అనాల్సిన ఒక్క మాట. దాలమ్మ దాన్ని పాటలో పెట్టి, దాచి, మనవరాలి నోట్లో పోసి వెళ్ళిపోయింది. ఎవరి నోట పెడితే ఎప్పటికైనా ఎక్కడికి చేరుతుందో ఆవిడకు తెలుసో తెలియదో.

మాలిని తల్లి పక్కన కూర్చుంది. ఆవిడ చేతుల్లో పెరిగిన కూతురు, తల్లి ఏడవడం ఆ రోజే మొదటిసారి చూసింది.

సుగంధి కళ్ళు కూడా నిండాయి. కానీ ఆ క్షణంలో ఆమెకు దుఃఖం కంటే ఎక్కువగా కలిగినది గౌరవం. చిప్పలో పాలు చుక్క చుక్కగా పడే చీకట్లో, బడి ముఖం చూడని ఇద్దరాడవాళ్ళు కాగితం, కలం లేకుండా ఇంత బిగువైన పాట కట్టారు. నవ్వు, భయం, తాళం, తోడు, అన్నీ రెండేసి లైన్లలో. తామేమో ఏడాదిన్నర పాటు మూడు కంప్యూటర్లు పెట్టుకుని దాంట్లో సగమే వినగలిగారు.

కన్నియమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"పలకాల," అంది.

"ఏటి మామ్మా?"

"అది పిలుపు. పిలిత్తే పలకాల. ఒకసారి పలక్కపోతే ఏటవుతాదో సూసినాను. మళ్ళీ ఆ తప్పు సెయ్యను." నడుం నిటారుగా చేసింది. "పాట తీసెయ్యొద్దు. ఆ ఖాళీలు ఖాళీగా ఉంచండి. నాను నింపుతాను."

హేమనాథ్ ఎగిరి గంతెయ్యబోయి తనను తాను పట్టుకున్నాడు. "మామ్మా, బోలే! తప్పకుండా సేద్దాం! ఇప్పుడే వెళ్దామా? టైర్ల కొట్టు మీద గది ఉంది. మెట్లెక్కలేకపోతే మైకు ఇక్కడికే తెచ్చేత్తాను. గంటలో తెచ్చేత్తాను."

"తేవొచ్చు గానీ బాబూ, మూడో సరణానికి పలుకు కట్టాల కదా. ఈ గుంట గొంతుకి కట్టలేను. గొంతు బాగుంది, తప్పు పట్టటం నేదు. కానీ నన్ను పిలిసింది ఈ గుంట కాదు." సుగంధి వైపు తిరిగింది. "ఈ పాట నువ్వెలగ నేర్సినావు? పక్కన కూకోబెట్టుకుని నేర్పిందా?"

"లేదు మామ్మా. చివరి నెలల్లో పాడుతుంటే ఫోనులో పట్టుకున్నాను. అది విని నేర్చుకున్నాను."

"అయితే దాలప్ప గొంతు నీ దగ్గరుందా?"

ఉంది. ఫోనులో, అన్నిటికంటే అడుగున, ఎవరికీ వినిపించనిది. హేమనాథ్‌కి కూడా. పాట నేర్చుకోవడానికి ఎన్నిసార్లు విన్నా, మూడో చరణం అయిపోగానే ఆపేసేది. ఆ తర్వాత దగ్గు తెర మొదలవుతుంది. ఆ దగ్గు వింటే ఆ మంచం, ఆ గది, ఆ ఆఖరి వారాలు అన్నీ వచ్చి మీద పడతాయి. నాన్నమ్మ పోయాక సుగంధి ఆ దగ్గు దాటి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఫోను తీసింది. పళ్ళెం పక్కకు జరిపి, ఇద్దరి మధ్యా నేల మీద పెట్టి, మీట నొక్కింది.

ఫ్యాను గిరగిర. ఎవరో గ్లాసు పెట్టిన చప్పుడు. తర్వాత దాలమ్మ. సన్నగా, అలసిపోయి, కానీ శ్రుతి తప్పకుండా.

"సుక్క సుక్క కారె పాలు, సిప్ప నిండదే..."

"నిండుతాది నిండుతాది, నిలిసి సూడవే," అంది కన్నియమ్మ మెల్లిగా. వెక్కిరింపు లేదు. పక్కన కూర్చున్న అక్కకు ధైర్యం చెప్పినట్టుంది. రెండు గొంతులూ ఒకదాని వెనక ఒకటి, నలభై ఆరేళ్ళ తర్వాత, ఎనిమిదేసి దెబ్బల ఎడంతో, ఎవరూ లెక్క పెట్టకుండానే నడిచాయి. హేమనాథ్ తన ఫోనులో రికార్డింగ్ మొదలుపెట్టాలని కూడా మరిచిపోయాడు.

పాము వచ్చింది. పందిపిల్ల వచ్చింది. మూడో చరణం వచ్చింది. పిలుపు మాననే అని దాలమ్మ అంది. మరిసిపోను లే అని కూడా అంది. కన్నియమ్మ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

ఖాళీ గడిచిపోయింది. దగ్గు మొదలైంది.

సుగంధి చటుక్కున ఫోను మీదకు చెయ్యి చాపింది. ఆ చేతిని ముసలామె గట్టిగా పట్టుకుంది.

"ఆపకు."

"అయిపోయింది మామ్మా. ఇంకేమీ లేదు. దగ్గే."

"అవనేదు." కన్నియమ్మ ఫోను మీదకు వంగి, చెవి ఒగ్గి వింటోంది. దగ్గు తెర ఒకటి, రెండు, మూడు. గుక్కెడు నీళ్ళు తాగిన చప్పుడు. ఆ తర్వాత ముక్కుతో పొడుగ్గా ఒక ఊపిరి. "ఈ ఊపిరి నాకు తెలుసు. ఏళ్ళ తరబడి సెట్టు అవతల నుంచి ఇన్నాను. ఎత్తుకునే ముందు ఇలాగే పీలుత్తాది."

"రెండేళ్ళ నుంచి నా దగ్గరే ఉంది మామ్మా, నేనెప్పుడూ..."

"ష్."

ఫ్యాను గిరగిర. మంచం కిర్రుమంది.

ఫోనులోంచి దాలమ్మ నాలుగో చరణం ఎత్తుకుంది. సుగంధి ఏనాడూ వినని చరణం. దాని మొదటి మాట, పేరు పెట్టి పిలిచినట్టు, "కన్నీ..."